ఆరో అమ్మాయి చోటు: అమరావతి శిల్పాల బాధ్యత చూసే పురావస్తు అధికారులకు బహిరంగ లేఖ

అమరావతి మహాచైత్యానికీ, అక్కడి మ్యూజియంలకూ బాధ్యులైన కేంద్ర, రాష్ట్ర పురావస్తు శాఖల అధికారులకు నమస్కారం.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇది రాజధాని అమరావతి గురించి కాదు. అమరేశ్వరుడి గుడి, దీపాలదిన్నె అని పిలిచే బౌద్ధ స్తూపం (మహాచైత్యం) దిబ్బ ఉన్న పాత అమరావతి గురించి. ఈమధ్య నోట అమరావతి మాట రాగానే ఎదుటివాళ్లు గజం ఎంత పలుకుతోందని అడుగుతున్నారు, అందుకని.

నేను 31 ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఏటా సంక్రాంతి సెలవులయ్యాక ఎనిమిదో తరగతి పిల్లల్ని అమరావతి తీసుకెళ్లడం నాకు అలవాటు. ఆటోల్లో వెళ్లేవాళ్లం, ఒక ఏడాది ఆటోలు దొరక్క ట్రాక్టర్ మీద కూడా వెళ్లాం. స్తూపం ఉన్న చోట పచ్చిక పెరిగిన దిన్నె, ఇటుకల చుట్టు, అక్కడక్కడా నిలబెట్టిన రాళ్లు చూపించి, తర్వాత మ్యూజియంలో ఉన్నవి చూపించేదాన్ని. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగేవాళ్లు: "టీచర్, మరి మిగతా రాళ్లేవీ?"

కొన్ని మద్రాసులో, కొన్ని లండన్‌లో అని చెప్పేదాన్ని. పిల్లలు సరేనని తల ఊపి పులిహోర పొట్లాలు విప్పుకునేవాళ్లు. అది జవాబు కాదని వాళ్లకు తెలుసు, నాకూ తెలుసు. ఎన్ని, ఎలాంటివి, ఈ దిన్నె మీద ఏ వైపు ఉండేవి, ఎవరు ఎప్పుడు పట్టుకెళ్లారు? ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. కానీ దిన్నె ముందు నిలబడ్డ పదమూడేళ్ల పిల్లాడికి కంటికి కనిపించేలా ఏదీ లేదు.

ఆ ప్రశ్నకు జవాబు నాకు ఎక్కడో ఏథెన్స్‌లో దొరికింది. అందుకే ఈ ఉత్తరం.

మా అమ్మాయి జర్మనీలో ఉద్యోగం చేస్తోంది. పోయిన వేసవిలో నన్ను రప్పించుకుని, నాలుగు రోజులు సెలవు పెట్టి గ్రీసు తీసుకెళ్లింది. దీవులు చూద్దామని దాని ఆశ. ఏళ్ల తరబడి పెరిక్లీజు, పార్థెనాన్ అంటూ పాఠం చెప్పిన నోరు కదా, నాకు ఏథెన్స్ చాలంది. చివరికి రెండో రోజూ, మూడో రోజూ కూడా అక్రోపోలిస్ మ్యూజియంలోనే గడిచాయి.

మెట్రో దిగి పైకి వస్తే మ్యూజియం పక్కనే. తలెత్తితే అక్రోపోలిస్ కొండ, కొండ మీద ఎథీనా దేవత పాత గుడి పార్థెనాన్. మధ్య దూరం సుమారు 300 మీటర్లు. ఈ భవనాన్ని 2009 జూన్‌లో తెరిచారు. బెర్నార్డ్ చుమీ అనే ఆర్కిటెక్టు గీశాడు, గ్రీసుకు చెందిన మైఖేల్ ఫోటియాడిస్ ఆయనతో కలిసి పనిచేశాడు. బయటినుంచి చూస్తే నాకేమీ నచ్చలేదు. గాజు, కాంక్రీటు. హైటెక్ సిటీలో ఇలాంటివి ఎన్ని లేవు? ఆ మాటే అంటే మా అమ్మాయి, "లోపలికి రా అమ్మా, పేపరు చూడకుండానే మార్కులెయ్యకు" అంది.

తలుపు దాకా వెళ్లకముందే కాళ్ల కింద నేల గాజైపోయింది. కింద చాలా లోతున ఒక ఊరు. ఇళ్ల గోడలు, స్నానాల గదులు, బావులు, మురుగు కాలవలు, వీధి మలుపు. కుచ్చిళ్లు పట్టుకుని, ఇంకో చేత్తో అమ్మాయి భుజం పట్టుకుని, తడి గట్టు మీద నడిచినట్టు నడిచాను. నా వెనకాల ఒక పెద్దాయన గాజు మీద కాలు పెట్టలేక చుట్టూ తిరిగి వచ్చాడు.

మ్యూజియానికి పునాదులు తవ్వుతుంటే బయటపడ్డ పాత ఏథెన్స్ వాడ అది. అంతకుముందు ఇదే చోట కడదామనుకున్న ఒక డిజైను ఆ శిథిలాల వల్లే ఆగిపోయింది. చుమీ భవనాన్ని మాత్రం వందకు పైగా స్తంభాల మీద ఎత్తి నిలబెట్టారు. ఏ స్తంభం ఎక్కడ దిగాలో తవ్వకాలు చేసినవాళ్లతో కూర్చుని తేల్చుకున్నారు. భూకంపం వస్తే తట్టుకోవడానికి కింద వేరే ఏర్పాటు ఉంది. 2019 నుంచి జనాన్ని కిందికి దిగి ఆ వాడ పక్కనే నడవనిస్తున్నారు కూడా. మన వైపు ఇంటి పునాదిలో పాత గోడ కనబడితే మేస్త్రీ తెల్లారేలోగా కాంక్రీటు పోయించేస్తాడు. ఇల్లు కట్టుకునేవాళ్ల సంగతి చెబుతున్నాను, మీ సంగతి కాదు.

ఇదంతా చిటికెలో అయిందనుకోకండి. ఈ మ్యూజియం కోసం మొదటి పోటీ 1976లో పెట్టారు. పోటీలు రద్దయ్యాయి, కోర్టు కేసులు నడిచాయి, ప్రభుత్వాలు మారాయి. తలుపు తెరిచేసరికి 33 ఏళ్లు. కాబట్టి ఆలస్యం గురించి నేను ఎవరినీ ఏమీ అనబోవడం లేదు.

లోపలికి వెళ్లగానే వాలుగా పైకి ఎక్కే దారి ఉంటుంది, కొండ ఎక్కుతున్నట్టే. రెండు పక్కలా కొండ చరియల్లో దొరికిన వస్తువులు. పెళ్లి స్నానానికి నీళ్లు తెచ్చే పొడవాటి మెడ కుండలు చాలా ఉన్నాయి. పెళ్లయ్యాక వాటిని దేవతకు ఇచ్చేసేవారట. మంగళస్నానాలు, గరిగ ముంతలు ఎరిగిన మనకు ఇందులో వింతేముంది?

మొదటి అంతస్తులో పాత కాలపు విగ్రహాలు. అద్దాల పెట్టెల్లో లేవు, గోడకు ఆనించీ లేవు. పెద్ద హాల్లో, కిటికీ వెలుతుర్లో, జనం మధ్య జనంలా నిలబడి ఉన్నాయి. చుట్టూ తిరిగి చూడొచ్చు. క్రీస్తుపూర్వం 480లో పర్షియా సైన్యం అక్రోపోలిస్‌ను తగలబెట్టినప్పుడు విరిగిపోయినవాటిని ఏథెన్స్ వాళ్లు కొండ మీదే గోతుల్లో పూడ్చారు. 1880లలో తవ్వితే చాలావరకు బయటికొచ్చాయి. అన్నేళ్లు మట్టిలో ఉండబట్టే కొన్నింటి మీద రంగు ఇంకా మిగిలింది. అమ్మాయిల విగ్రహాల బట్టల అంచుల్లో ఎరుపు, నీలం, ఆకుపచ్చ దగ్గరికెళ్తే కనబడతాయి. గ్రీకు శిల్పమంటే తెల్లగా ఉంటుందని పిల్లలకు ఇన్నేళ్లు చెప్పాను. తప్పే చెప్పాను. వాళ్లూ మన గాలిగోపురాలకు వేసినట్టు రంగులు వేసినవాళ్లే.

అక్కడే ఒక మనిషి దూడను మెడ మీద వేసుకుని నిలబడ్డాడు. దాని కాళ్లు నాలుగూ తన గుండెల మీదికి లాగి రెండు చేతులా పట్టుకున్నాడు. దూడ తోక ఆయన చెయ్యి మీదుగా వేలాడుతోంది. కళ్లలో పొదిగిన రాళ్లు ఎప్పుడో రాలిపోయి గుంటలు మిగిలాయి. అయినా మొహంలో చిన్న నవ్వు. సంతకు తోలుకెళ్తున్నాడేమో అనుకున్నాను. కాదు, దేవతకు మొక్కు. 2,500 ఏళ్లు పైబడిన మొక్కు. కింద ఇచ్చినవాడి పేరు చెక్కి ఉంది. ఇంకోచోట ఒక కుమ్మరి, చేతిలో తను చేసిన కప్పులు పట్టుకుని కూర్చున్న ఫలకం. అది చూడగానే నాకు మన విధికుడు గుర్తొచ్చాడు. మీకు తెలియనివాడు కాదు. నాగ ఉపాధ్యాయుడి కొడుకు, తోలుపని చేసే విధికుడు, పూర్ణఘటం ఉన్న ఫలకాన్ని అమరావతి చైత్యానికి ఇచ్చినట్టు శాసనం ఉంది. ఇవాళ రాష్ట్ర ప్రభుత్వ చిహ్నంలో ఉన్న పూర్ణఘటానికి మూలం ఆ అమరావతి శిల్పమే. కుమ్మరి, చర్మకారుడు తమ కష్టార్జితంతో రాయి చెక్కించి పేరు రాయించుకున్న చోట్లు రెండూ. ఈ పోలిక ఏ పాఠ్యపుస్తకంలోనూ నాకు దొరకలేదు, ఉంటే బాగుండేది.

ఇక ఆరుగురు అమ్మాయిల సంగతి.

అక్రోపోలిస్ మీద ఎరెక్థియాన్ అనే గుడి ఉంది. దాని దక్షిణం వైపు మండపానికి స్తంభాలు ఉండవు, ఆరుగురు ఆడపిల్లల విగ్రహాలే తలల మీద కప్పు మోస్తాయి. కాలుష్యానికి రాయి తరిగిపోతోందని 1979లో వాటిని కిందికి దించి, గుడి దగ్గర నకళ్లు పెట్టారు. అసలువి ఇప్పుడు మ్యూజియంలో, మేడ మీద వసారాలాంటి చోట ఉన్నాయి. అన్ని వైపుల నుంచీ చూడొచ్చు. మండపంలో ఉన్నప్పుడు వాళ్ల వీపులు ఎవరూ సరిగా చూసి ఉండరు. ఇక్కడ అందరూ వెనక్కి వెళ్లి నిలబడేది ఆ జడల కోసమే. పక్క పాయలు అల్లి, వెనక్కి తెచ్చి, అన్నింటినీ కలిపి లావుపాటి జడగా వీపు మీదికి వదిలారు. ఒకరి అల్లిక ఇంకొకరికి లేదు. ఆ జడ సింగారానికి మాత్రమే కాదు. అంత కప్పు మోసే తలకు సన్నటి మెడ చాలదు కాబట్టి, మెడకు దన్నుగా జుట్టునే అడ్డుపెట్టాడు శిల్పి. మా అమ్మమ్మ నాకు జడ వేసేటప్పుడు లాగిన లాగుడు గుర్తొచ్చి నెత్తి తడుముకున్నాను.

ఈ విగ్రహాల మీద పేరుకున్న నల్లటి పొరను లేజర్‌తో తీశారు. మూడేళ్లకు పైగా పట్టిన ఆ పనిని మూసిన గదిలో కాకుండా జనం చూస్తుండగా అక్కడే చేశారు. 

లెక్క పెట్టాను. ఐదుగురే. ఆరో అమ్మాయి లండన్‌లో, బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. 1800ల మొదట్లో ఒట్టోమాన్ సామ్రాజ్యంలో బ్రిటన్ రాయబారిగా ఉన్న ఎల్గిన్ ప్రభువు మనుషులు ఆమెను మండపం నుంచి తీసి, ఆ చోట ఇటుకలతో స్తంభం కట్టి పోయారు. మిగతా అక్కచెల్లెళ్లు రాత్రిళ్లు ఆమె కోసం ఏడ్చేవాళ్లని ఏథెన్స్‌లో కథ చెప్పుకునేవారట. మ్యూజియం వాళ్లు ఆ ఐదుగురినీ సర్ది నిలబెట్టలేదు. ఆరుగురికీ చోటు వేసి, ఒక చోటు ఖాళీగా వదిలారు.

ఒక బోర్డు లేదు, నినాదం లేదు. ఒక స్కూలు పిల్లల గుంపు వచ్చింది. భాష నాకు తెలియదు. కానీ ఒక పాప వేలు పెట్టి లెక్కపెట్టి, ఆ ఖాళీ దగ్గర వేలు ఆపి, వాళ్ల టీచర్ మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు.

పై అంతస్తు గురించి ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి. మూడో అంతస్తు మొత్తాన్ని కింది అంతస్తుల మీద కాస్త మెలితిప్పి పెట్టారు. ఎందుకంటే అది కొండ మీది పార్థెనాన్ ఏ దిక్కుగా ఉందో సరిగ్గా అదే దిక్కుగా ఉండాలి. గోడలన్నీ గాజు. మధ్యలో పార్థెనాన్ గర్భాలయం కొలతలతోనే ఒక గోడ, ఆ గోడ చుట్టూ శిల్పాల పట్టీ. గుడిలో ఇది ఎక్కడో పైన, మెడ నొప్పెట్టేలా చూడాల్సిన ఎత్తులో ఉండేది. ఇక్కడ కంటికి ఎదురుగా ఉంటుంది. ఎడమ వైపు చూస్తే రాతి గుర్రాలు, కుడి వైపు చూస్తే అవి దిగివచ్చిన గుడి. తల తిప్పితే చాలు. సాయంత్రం ఎండ కొండ మీద ఎలా పడుతుందో ఈ రాళ్ల మీదా అలాగే పడుతుంది.

ఆ పట్టీ పొడవు 160 మీటర్లు. ఎత్తు మీటరుకు కాస్త ఎక్కువ. దేవతకు కొత్త చీర, చీరంటే పెప్లోస్ అనే వస్త్రం, తీసుకెళ్లే ఊరేగింపు అందులో ఉందని చాలామంది పండితుల మాట. గుర్రాల మీద కుర్రాళ్లు, బలికి తోలుకెళ్లే ఆవులు, భుజాల మీద నీళ్ల బిందెలు మోసే మనుషులు, చివర కూర్చుని ఎదురుచూసే దేవుళ్లు. ఈ 160లో ఏథెన్స్ చేతిలో ఉన్నది సుమారు 50 మీటర్లు. ఎల్గిన్ పట్టుకెళ్లగా లండన్‌లో ఉన్నది సుమారు 80. మిగిలింది ముక్కలై అక్కడా ఇక్కడా పోయింది, లేదా అసలే లేదు. 1687లో గుడిలో తుర్కులు దాచిన మందుగుండు మీద వెనీసు వాళ్ల ఫిరంగి గుండు పడి మధ్యభాగం పేలిపోయింది. అంతకుముందు గుడి చర్చి అయినప్పుడు కొంత చెక్కేశారు. అన్నీ ఎల్గిన్ నెత్తిన రుద్దితే అబద్ధమే అవుతుంది.

ఇప్పుడు వాళ్లు చేసిన పని వినండి. తమ దగ్గరున్న అసలు రాళ్లను వాటి చోట్లలో పెట్టారు. లండన్‌లో ఉన్నవాటికి ప్లాస్టర్ అచ్చులు పోసి వాటి వాటి చోట్లలో పెట్టారు. అసలే దొరకని చోట ఏమీ పెట్టలేదు. అచ్చులకు పాతరాయిలా కనిపించే రంగు పూయలేదు. అసలు రాయి తేనెరంగులో ఉంటుంది, ఆ చలువరాయిలోని ఇనుము గాలికీ వానకూ అలా రంగు తిరుగుతుంది. అచ్చు మాత్రం వెల్ల వేసిన గోడలా తెల్లగా ఉంటుంది. దూరం నుంచే తెలిసిపోతుంది ఏది ఉందో, ఏది పోయిందో. ఒకే గుర్రం, ముందు కాళ్లు తేనెరంగు, వెనక భాగం తెలుపు.

తూర్పు వైపు గోడ దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. ముగ్గురు దేవుళ్లు కూర్చున్న ఫలకం అది. పోసిడాన్, అపోలో, అర్తెమిస్. అర్తెమిస్ భుజం మీంచి జారుతున్న పైటను ఒక చేత్తో ఎత్తి సర్దుకుంటోంది. పేరంటంలో కూర్చుని, మాటల్లో పడి, ఉన్నట్టుండి గుర్తొచ్చి సర్దుకున్నట్టు. రాతిలో ఆ బట్ట ఎంత పల్చగా ఉందంటే వేలితో లాగితే వచ్చేస్తుందేమో అనిపించింది. అసలు పెప్లోస్‌ను మడత పెడుతున్న ఫలకం, అంటే ఊరేగింపంతా ఎందుకు జరుగుతోందో చెప్పే ఫలకం, మాత్రం తెల్లగా ఉంది. అది లండన్‌లో ఉంది.

అర్తెమిస్ పాదం కథ ఇంకోటి. ఆ ముక్క రెండు శతాబ్దాలుగా సిసిలీలోని పలెర్మో మ్యూజియంలో ఉండేది. 2022లో ముందు అప్పుగా పంపారు, కొన్ని నెలలకే శాశ్వతంగా ఇచ్చేశారు. మరుసటి ఏడు వాటికన్ తన దగ్గరున్న మూడు ముక్కలు ఇచ్చింది. హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం 2006లోనే ఒకటి ఇచ్చింది. అర్తెమిస్‌ది చూస్తే చీర అంచు కింద ఒక పాదం, అంతే. దాన్ని తెచ్చి దాని చోట్లో అతికిస్తే చూడ్డానికి జనం వస్తున్నారు. నేనూ వంగి చూశాను.

నాకు నచ్చనివీ ఉన్నాయి. పార్థెనాన్ కొన్ని శతాబ్దాలు చర్చిగా, తర్వాత మసీదుగా ఉంది. ఆ కాలాన్ని అక్కడ కాస్త త్వరగా దాటేశారనిపించింది. లక్షకు పైగా లెగో ఇటుకలతో చేసిన అక్రోపోలిస్ బొమ్మ దగ్గర ఉన్నంత రద్దీ కొన్ని మంచి విగ్రహాల దగ్గర లేదు. అది పిల్లల తప్పు కాదులెండి, నేనూ పది నిమిషాలు చూశాను. రెండో అంతస్తు హోటల్లో కాఫీ మాత్రం బాగుంది. రేటు రూపాయల్లోకి మార్చొద్దని మా అమ్మాయి ఒట్టు పెట్టించుకుంది.

ఇంకో మంచి పని చేశారు. హాళ్లలో బ్యాడ్జీలు పెట్టుకుని పురావస్తు శాస్త్రం చదువుకున్నవాళ్లే తిరుగుతుంటారు. అడిగితే చెబుతారు, డబ్బు తీసుకోరు. అలాంటి ఒక అమ్మాయిని మా పిల్ల ద్వారా అడిగాను: అచ్చులకు కూడా ఆ పాత రంగు వేస్తే గోడంతా ఒకేలా అందంగా ఉండేది కదా అని. "అప్పుడు మీరు ఈ ప్రశ్న అడిగేవారు కాదు" అంది.

అయ్యా, అమ్మా, ఇప్పుడు మన దిన్నె దగ్గరికి వద్దాం.

మన కథ వాళ్ల కథకు తమ్ముడిలాంటిది. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1790లలో అమరావతిలో ఊరు కడుతూ రాళ్ల కోసం దీపాలదిన్నె తవ్వించాడు. ఆ మాట విని కర్నల్ మెకంజీ వచ్చాడు. ఊళ్ల చరిత్రలు, అదే కైఫీయత్తులు, సేకరించిన మెకంజీయే. మళ్లీ 1816లో బొమ్మలు గీసేవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. ఎల్గిన్ దగ్గర పార్థెనాన్ శిల్పాలను బ్రిటిష్ ప్రభుత్వం 35,000 పౌండ్లకు కొన్నదీ ఆ 1816లోనే. 1845లో మద్రాసు కొలువులోని ఇంగ్లీషు అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్లను మద్రాసు పంపాడు. వాటిలో వందకు పైగా 1859లో లండన్‌కు ఓడెక్కాయి. అక్కడ వాటికి ఎల్గిన్ మార్బుల్స్‌ను చూసి 'ఇలియట్ మార్బుల్స్' అని పేరు పెట్టారు. మార్బుల్ కాదు, మన పల్నాటి సున్నపురాయి. పేరు కూడా ఏథెన్స్ దగ్గర అప్పు తెచ్చిందే.

అన్నీ లండన్ పోలేదనీ నాకు తెలుసు. ఎక్కువ భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది, రైలెక్కి వెళ్లి చూశాను. కొన్ని కలకత్తాలో ఉన్నాయి. కొన్నింటిని మచిలీపట్నంలో ఊరి మధ్య దిబ్బ కట్టి అలంకారానికి నిలబెట్టారు. కొన్నింటిని అమరావతిలోనే శివగంగ కోనేటికి వాడారు. మరెన్నింటినో మనవాళ్లే సున్నం కోసం బట్టీలో కాల్చారు. సున్నపురాయి కదా. ఇదీ పిల్లలకు చెప్పాల్సిందే. మన ముందువాళ్లు కాల్చినదాన్ని దాచిపెట్టి, తెల్లవాడు ఎత్తుకెళ్లిందే చెబితే అది సగం పాఠం.

లండన్‌వి మాత్రం నేను చూడలేదు. జర్మనీ వీసాతో గ్రీసు తిరగొచ్చు గానీ ఇంగ్లండ్‌కు మళ్లీ వేరే వీసా కావాలి. ఆ ఫీజు చూసి, "ఇంకోసారి అమ్మా" అంది మా అమ్మాయి. మా ఊరికి కూతవేటు దూరంలో పుట్టిన రాయిని చూడ్డానికి వేలిముద్రలు వేయాలి, బ్యాంకు కాగితాలు చూపించాలి. కోపం కాదు, నవ్వొచ్చింది.

వాటిని వెనక్కి తెప్పించమని మీకు రాయడం లేదు. అది మీ ఒక్కరి చేతిలో లేదు. బ్రిటిష్ మ్యూజియం తన వస్తువులను వదులుకోకుండా 1963 నాటి చట్టం అడ్డుంది. గ్రీసు మంత్రి మెలీనా మెర్కూరి 1982లో యునెస్కో సభలో గొంతెత్తిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా వాళ్లు అడుగుతూనే ఉన్నారు. మనమూ అడగాలి, అడిగేవాళ్లు అడుగుతున్నారు. నేను అడిగేది మన చేతిలో ఉన్న పని.

అచ్చులు పోయించండి. లండన్ ఫలకాలవి, చెన్నై ఫలకాలవి, కలకత్తావి. ఈ రోజుల్లో రాయిని ముట్టుకోకుండానే స్కాన్ తీసి అచ్చు చేయొచ్చు. వాటికి రంగు వెయ్యకండి. తెల్లగానే ఉంచండి. అసలు రాళ్ల పక్కన, చైత్యం చుట్టు ఏ వరసలో ఉండేవో ఆ వరసలో నిలబెట్టండి. ఒక్కో దాని కింద నాలుగు మాటలు తెలుగులో రాయండి: ఎవరిచ్చారు, ఎప్పుడు దొరికింది, ఎవరు తీసుకెళ్లారు, ఇప్పుడు ఎక్కడుంది. కాలిపోయినవాటి చోటు ఖాళీగా వదలండి. ఆ గదికి దిన్నె వైపు ఒక కిటికీ ఉండాలి. రాయి చూస్తూ తల తిప్పితే అది వచ్చిన చోటు కనబడాలి. ఈ కిటికీ ఒక్కటి కుదరదంటే ఒప్పుకుంటాను గానీ తెలుపు విషయంలో మాత్రం రాజీ పడొద్దు.

ఏ ఫలకం ఎక్కడ ఉండేదో మనకు అంత కచ్చితంగా తెలియదు కదా అంటారు. నిజమే. పార్థెనాన్ గోడలు ఇంకా నిలబడి ఉన్నాయి, పైగా పేలుడుకు ముందు 1674లో ఎవరో గీసిన బొమ్మలు వాళ్లకు ఆధారం. మనకు గోడలు లేవు. కానీ మెకంజీ మనుషులు గీసిన బొమ్మలు, కొలతలు ఉన్నాయి. అంతకన్నా మంచి సాక్ష్యం రాళ్లలోనే ఉంది. చైత్యం అండం, అంటే గుండ్రటి గుమ్మటం, కింద చుట్టూ అమర్చిన ఫలకాల మీద శిల్పులు ఆ చైత్యం బొమ్మనే చెక్కారు. వేదిక, ద్వారాల దగ్గర సింహాలు, నాలుగు దిక్కులా ముందుకొచ్చిన అరుగుల మీద ఐదేసి ఆయక స్తంభాలు, పైన ఛత్రాలు. తెలిసినంత వరకు పెట్టి, తెలియని చోట తెలియదని రాయండి. పిల్లలకు అది మరీ ఇష్టం.

నకళ్లు చూడ్డానికి ఎవరొస్తారని కూడా అంటారు. లండన్‌లో ఉన్న ఫలకాల్లో ఒకటి రెండు వైపులా చెక్కినది. ఒక వైపు పైన చెప్పిన చైత్యం. ఇంకో వైపు అంతకు ముందు కాలంలో చెక్కినది. బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించిన మనుషులు. బుద్ధుడి రూపం చెక్కని రోజుల్లో ఆయన ఉన్నాడని చెప్పడానికి మన శిల్పి ఖాళీ సీటు చూపించాడు. అందరూ ఆ ఖాళీకి దండం పెడుతున్నారు. ఏథెన్స్‌లో ఆరో అమ్మాయి చోటు చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ ఫలకమే, ఫోటోలో మాత్రమే చూసిన ఫలకం.

డబ్బు మాట వస్తుంది. ఏథెన్స్ భవనానికి సుమారు 130 మిలియన్ యూరోలు అయింది. మనకు అంత భవనం అక్కర్లేదు. ఒక గదితో, పది అచ్చులతో మొదలుపెట్టినా చాలు. అది కూడా ఇప్పట్లో కాదంటే నా దగ్గర ఇంకో దారి ఉంది. మన దగ్గర ఫ్లెక్సీలకు కొదవ లేదు. పుట్టినరోజుకు, చాకు చేతపట్టుకుని కేకు ముందు నిలబడ్డ ప్రతివాడికీ నిలువెత్తు ఫ్లెక్సీ ఉంటుంది. ఆ రెండు వైపుల ఫలకం ఎత్తు సుమారు నాలుగడుగులు. బ్రిటిష్ మ్యూజియం తన వెబ్‌సైట్లో పెట్టిన ఫోటోలను వ్యాపారానికి కాకపోతే వాడుకోవచ్చు. గుంటూరులో ప్రింటింగ్ షాపులో కనుక్కున్నాను. రెండు వైపులా అసలు సైజులో కొట్టించి ఫ్రేమ్ కట్టిస్తే అయ్యే ఖర్చు నా పెన్షన్లోంచి పెట్టుకోగలను.

ఈ జనవరిలో సంక్రాంతి సెలవులయ్యాక మా స్కూలు పిల్లల్తో మళ్లీ వస్తున్నాను. కొత్త సోషల్ టీచర్ నన్నూ రమ్మన్నారు. మొత్తం 42 మంది. ఆ ఒక్క పూట ఆ ఫ్రేమును దిన్నె దగ్గర నిలబెట్టుకోనివ్వండి. గుంట తవ్వం, మేకు కొట్టం, సాయంత్రం మాతోనే తీసుకెళ్లిపోతాం. దీనికి ఎవరి సంతకం కావాలో, అర్జీ గుంటూరులో ఇవ్వాలో విజయవాడలో ఇవ్వాలో తెలియజేస్తే డిసెంబరులోగా తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్
కృష్ణ ఒడ్డున, అమరావతికి పక్క ఊరు